జామీను సంతకం

కిరసనాయిలు తొట్టిలోంచి బేరింగును రెండు చేతులతో లేపి, నూనె కారిపోయేదాకా అలాగే పట్టుకొని, హరిబాబు దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. మీనాకుమారి గుడ్డతో తుడిచి, లోపలి రోలర్లను ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసింది. రైలుపెట్టె బరువంతా ఇరుసుల మీద, ఇరుసుల బరువంతా ఈ రోలర్ల మీద. వీటిలో ఒకదానికి గోటికి తగిలేంత గుంట పడినా బండి పరుగులో ఇరుసు వేడెక్కి కాలుతుంది. అందుకే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఈ బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. ఒకరు బేరింగును పట్టుకొని తిప్పుతారు. ఇంకొకరు సన్నటి ఉక్కు రేకులను సందులోకి దూర్చి లోపల ఎంత ఖాళీ ఉందో కొలుస్తారు.

మీనా రేకు దూర్చింది. రోజూ ఈపాటికి "ఎంతొచ్చింది?" అని హరిబాబు అడగాలి. ఇవాళ అడగలేదు.

"మీనా, సొసైటీ కాగితం తెచ్చినాను. మద్దేన్నం సంతకం ఎట్టీయి."

"లోనా? ఎంతకి అన్నియ్యా?"

"ఎంత ఇత్తే అంత."

మీనా రేకు బయటికి లాగి అతని ముఖంలోకి చూసింది. వాళ్ళది చుట్టరికం కాదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఒకే వరసలో పెరిగారు. రెండు మూడేళ్ళు పెద్దవాడు కాబట్టి అన్నియ్య అంటుంది. హరిబాబు జీతంలో సగం ఇంట్లో ఇచ్చి, మిగతా సగంతో బతికే మనిషి. ఉన్నట్టుండి అంత అప్పు ఎందుకు పడిందో ఆమెకు అంతుపట్టలేదు.

"ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"అందరూ గుండ్రాయిల్లాగున్నారు. షేర్లకే."

పక్క బల్ల దగ్గర కడిగిన బేరింగులకు గ్రీజు పూస్తున్న సిరిల్ చెయ్యి ఆగలేదు గాని, తల మాత్రం ఇటు తిరిగింది.

సొసైటీ అంటే కార్మికుల పరపతి సంఘం. అప్పు కావాలంటే ఇద్దరు తోటి ఉద్యోగులు జామీను సంతకం పెట్టాలి. తీసుకున్నవాడు కట్టకపోతే ఆ ఇద్దరి జీతాల్లోంచి కోస్తారు. అయినా ఈ షాపులో జామీను అడిగితే ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఒకే బల్ల దగ్గర పని చేసేవాళ్ళు ఒకరికొకరు పెట్టుకోవడం తాతల నాటి నుంచీ ఆనవాయితీ. కాగితంలో అప్పు దేనికో రాసే చోటు ఒకటుంటుంది. హరిబాబు అక్కడ చెల్లెలి పెళ్ళి అని రాశాడు. అతనికి చెల్లెలు లేదు.

"అప్పు చేసి షేర్లేటి? నేనెప్పుడైనా అలాగ సెప్పినానా?"

"నువ్వే కదా నాకు దారి సూపించినావు," అన్నాడు హరిబాబు, బేరింగును పావు చుట్టు తిప్పుతూ. "బేంకులో ఎడితే ధరల పురుగు తినేత్తాదన్నావు. నెలనెలా కొంచెం ఫండులో ఎయ్యమన్నావు. ఏసినాను. ఏడాదిన్నర అయ్యింది. గోడ మీద నాచులాగ పెరుగుతున్నాది. నా ఇల్లు ఆ నాచుతోనే కట్టుకోవాలేటి?"

అతను చెప్పింది నిజమే. మీనా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోనులో తెలుగు పాఠాలు విని, విన్నవన్నీ టీ వేళ పదిమందికీ చెప్పేది. ముందు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకోవాలనీ, ఆ తరువాతే మార్కెట్టనీ చెప్పింది. ఒక్క కంపెనీని నమ్మకుండా యాభై కంపెనీలు కలిసిన ఫండు కొనాలనీ, తగ్గినప్పుడు భయపడి పారిపోకుండా అప్పుడే ఇంకొంచెం కొనాలనీ చెప్పింది. అందరూ విన్నారు. హరిబాబు ఒక్కడే చేశాడు. ఆమె చేరినప్పటి నుంచి మార్కెట్టు పెద్దగా పడింది లేదు. పడటమంటే ఎలా ఉంటుందో చెప్పిన మనిషికే తెలియదు.

"ఏ కంపెనీ?"

"పైపులు సేత్తారు. గుజరాత్‌లో. కోల్‌కతా బెంగాలీ దాదా ఒకాయన ఫోన్ల గ్రూపు నడుపుతున్నాడు, వేలమంది ఉన్నారు. ఆయన సెప్పినవన్నీ ఎగిరినాయి."

"ఆ పైపు ఎప్పుడైనా కంటితో సూసినావా?"

"నీ యాభై కంపెనీలు నువ్వు సూసినావేటి?"

సిరిల్ నవ్వాడు. మీనాకూ నవ్వు వచ్చింది గాని, నవ్వలేకపోయింది. "రేపు సెప్తాను అన్నియ్యా," అంది.

జామీనుకు రేపు అన్న మాట ఆ షాపులో ఎవరూ విని ఉండరు. హరిబాబు బేరింగును ఇంకో పావు చుట్టు తిప్పాడు. "ఎంతొచ్చింది?" అని అడిగాడు, ఆ రేపు తన చెవిన పడనట్టే.

మీనా ఇంటికి వచ్చేసరికి తండ్రి వెంకటరావు వరండాలో కూర్చొని సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నాడు. ఆయనా ఆ వర్క్‌షాపులోనే చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఈ క్వార్టరు మీనా పేరున ఉంది. రోజూ సాయంత్రం ఊళ్ళో ఇందా అనే పేట వైపు వెళ్ళి, కొత్తగా లేస్తున్న ఫ్లాట్ల కింద నిలబడి మేస్త్రీలతో మాట్లాడి రావడం ఆయనకు ఒక పని. పుట్టింది రైలు క్వార్టరులో, పిల్లను కన్నది రైలు క్వార్టరులో. తన పేరున ఒక్క గోడ ఉంటే చాలని ఆయన కోరిక.

మీనా సంగతి చెప్పింది. వెంకటరావు నూనె డబ్బా మూత బిగించాడు.

"హరిగాడు జగ్గారావు కొడుకు. అది మర్సిపోకు."

"తెలుసు నాన్నా."

"తెలిస్తే రేపు అని ఎందుకన్నావే? మీ యమ్మకి ఆపరేసన్ అన్నప్పుడు జగ్గారావు సైకిలు దిగలేదు. హేండిలు మీద కాగితం ఎట్టుకొని సంతకం సేసీసినాడు. ఎంత, ఎందుకు అని ఒక్క మాట అనలేదు."

"అది పేణం కోసం. ఇది పైపుల కోసం."

లోపల దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్న తల్లి పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆ సంతకమే లేకపోతే నానిక్కడ దీపం ఎట్టేదాన్నేటి," అంది మెల్లగా. "ఆడు ములిగితే మనమూ కొంచెం ములుగుదాం. ఏటైపోద్ది?"

అప్పు నష్టం సంగతి చెప్పవచ్చు, తల్లి ప్రాణానికి ఎదురు ఏం చెప్పాలి?

తెల్లవారి డ్యూటీకి వెళుతూ మీనా మాతమ్మ గుడి దగ్గర సైకిలు ఆపింది. అమ్మవారి ముఖానికి పసుపు కొత్తగా పూసి ఉంది. దండం పెట్టుకొని, ఏం అడగాలో తెలియక నిలబడింది. సాయం చేసినవాళ్ళ కొడుకు చెయ్యి చాచితే కాదనడం పాపమా? మునుగుతాడని అనిపిస్తూనే చేతికి తాడు ఇవ్వడం పుణ్యమా? అమ్మవారు ఇలాంటివి కూడా తీరుస్తుందా, లేక ఇవి మనుషులు తమలో తాము తేల్చుకోవలసినవా? పూజారి తీర్థం ఇస్తూ, "డ్యూటీకి టైమైపోతాది తల్లీ," అన్నాడు.

బల్ల దగ్గర కాగితం సిద్ధంగా ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఒక రోలరు పెట్టి ఉంచాడు హరిబాబు. మొదటి జామీను దగ్గర సిరిల్ సంతకం గ్రీజు వేలిముద్రతో సహా పడి ఉంది.

"ఎట్టలేను అన్నియ్యా," అంది మీనా.

హరిబాబు రోలరు తీసి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"నీ జీతం కోత్తారని బయమా?"

"బయమే. నీకూ కోత్తారని ఇంకా బయం. అప్పు మీద కొన్నది పడితే నువ్వు ఆగలేవు. నెల తిరిగేసరికి కోత ఆగదు కదా."

"మా నాయిన ఇంత మాటాడలేదు, మీ నాయిన అడిగినప్పుడు."

ఇంకేం అన్నా ఇంత తగిలేది కాదు. అతను చక్రాల సెక్షన్ వైపు నడిచాడు. టీ గంట కొట్టకముందే అక్కడి కిరణ్‌కుమార్ సంతకం పెట్టేశాడు. పెన్ను కూడా తనదే ఇచ్చాడట. కాదన్నందువల్ల ఆగిందేమీ లేదు. చెడ్డపేరు ఒక్కటే మిగిలింది.

"మీరైనా ఆపొచ్చు కదా అంకుల్," అంది మీనా సిరిల్‌తో, హరిబాబు లేని సమయం చూసి.

"నేను కాగితం సదవను తల్లీ. అడిగినోడికి ఎట్టడమే. ఎంచడం మొదలెడితే ఇంక షాపులో ఎవడు ఎవడికి ఎడతాడు?" అన్నాడు సిరిల్. "నీది తప్పని అన్ను. నాది ఒప్పనీ అన్ను."

ఆ తరువాత బల్ల దగ్గర మాటలు తగ్గిపోయాయి. హరిబాబు బేరింగు లేపుతాడు, తిప్పుతాడు, దించుతాడు. ఎంతొచ్చిందని అడగడు. ఆమే కొలత పైకి చెప్పి, బాగున్నదాని మీద సుద్దతో గీత గీసేది. టీ వేళ ఆమె వెళ్ళేసరికి గుంపు పక్కకు జరిగేది. "మీనా మేడమ్ దగ్గర గుక్కెడు నీళ్ళడగాలన్నా ఇద్దరు జామీనుండాలంట," అన్నాడు కిరణ్‌కుమార్. టీ పోస్తున్న బెంగాలీ ముసలాయనకు తెలుగు రాకపోయినా అందరితో పాటు నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుగా, మీనాకు ఆ ముసలాయన నవ్వే ఎక్కువ బాధ పెట్టింది.

లోను వచ్చింది. హరిబాబు షేర్లు కొన్నాడు. కొన్న మర్నాటి నుంచి పైపుల షేరు ఎక్కడం మొదలుపెట్టింది. ఒక రోజుకు ఎంతవరకు పెరగనిస్తారో అంతా పెరిగి, అక్కడ తలుపు వేసినట్టు ఆగేది. మరునాడు మళ్ళీ అంతే. శనివారం గోల్‌బజార్ నుంచి మట్టికుండలో రసగుల్లాలు తెచ్చి షాపంతా పంచాడు హరిబాబు. మీనా దగ్గరికి చివర వచ్చాడు. కుండలో చెయ్యి పెట్టి, రసం పిండి ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు.

"తిను. దీనికి జామీను అక్కర్లేదు."

తినక తప్పలేదు. తీపి గొంతు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు అతను మాట్లాడినందుకో, మాట్లాడిన తీరుకో ఆమెకే తెలియలేదు.

అప్పటి నుంచి ఆమె చెయ్యి ఊరుకోలేదు. పైపుల కంపెనీ పేరు తన ఫోనులో కూడా పెట్టుకుంది, ఊరికే చూడటానికని. కుళాయి దగ్గర చూసేది. తల్లి అన్నం వడ్డించి కూర తేవడానికి లోపలికి వెళ్ళేలోపు చూసేది. పక్కనే తన ఫండు ఉండేది. ఒక రోజు చీమంత ముందుకు, ఒక రోజు చీమంత వెనక్కు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి మురిసిన మనిషికి ఇప్పుడు అది వెక్కిరిస్తున్నట్టు ఉంది. ఈ లెక్కన ఇందాలో రెండు గదులు కొనేసరికి తండ్రికి మెట్లెక్కే ఓపిక ఉండదు. నెలనెలా, ఓపికగా, అని పదిమందికి చెప్పిన మాటలు ఎవరో చేతకానివాళ్ళు తమను తాము ఓదార్చుకోవడానికి కనిపెట్టినవేమో అనిపించింది. అంతలో హరిబాబుకు నష్టం వస్తే బాగుండునని మనసులో ఒక మాట మెదిలింది. ఆ మాటకు తనే ఉలిక్కిపడి చెంపలు వేసుకుంది.

బల్ల దగ్గరా అదే తీరు. ఒకటికి రెండుసార్లు రేకు దూర్చినా కొలత మనసుకు ఎక్కేది కాదు. ఒకసారి గుంట పడిన రోలరున్న బేరింగు మీద గీత గీసి పక్కకు తోసింది. గ్రీజు పూయబోతూ సిరిల్ ఆగి, దాన్ని వెలుతురు వైపు తిప్పాడు. తెచ్చి ఆమె ముందు పెట్టి, సుద్దగీతను బొటనవేలితో చెరిపేశాడు. దాని కింద ఒక పెట్టె, ఆ పెట్టె నిండా జనం. మీనా ఫోను తీసి లాకరులో పడేసింది. గంట తిరగకుండా మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది.

ఆ సాయంత్రం తండ్రి ఇందా నుంచి కొత్త కబురు తెచ్చాడు. మూడో అంతస్తులో రెండు గదులు, తూర్పు గుమ్మం, నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తే ఉంచుతారట. "ఊరికే సెప్తున్నాన్లే," అన్నాడు వెంకటరావు, ఎవరూ అడగకపోయినా. చెప్పులు విప్పి ఆ గుమ్మం వెడల్పు ఎంతో చేతులు చాచి పైడమ్మకు చూపించాడు.

సోమవారం షేరు పడింది. ఎంతవరకు పడనిస్తారో అంతా పడి ఆగింది. మంగళవారం కూడా అంతే. మీనా ఫోను దించలేదు. అది భయం కాదని ఆమెకే తెలుస్తూ ఉంది. తగ్గినప్పుడే కొనాలి. పదిమందికీ తనే చెప్పిన మాట. హరిబాబు కొన్నదానికి ఇది ఇంకా ఎక్కువే, నిజమే, కానీ ఎక్కిన మెట్లు చూస్తే ఇది చవకే. మళ్ళీ పైకి వెళ్ళేలోపు అందుకోవాలి. ఒక్కసారి అడ్వాన్సు మాత్రం రాబట్టుకొని బయటపడితే చాలు. ఇంతకు ముందు ఇదే వాదం హరిబాబు నోట విన్నప్పుడు అందులో ఎన్ని చిల్లులు కనిపించాయో, ఇప్పుడు తన మనసులోంచి వస్తుంటే ఒక్కటీ కనిపించలేదు.

బుధవారం భోజనాల వేళ సొసైటీ ఆఫీసుకు వెళ్ళి కాగితం తెచ్చుకుంది. అప్పు దేనికో రాసే చోట కలం ఆగింది. తల్లి వైద్యం అని రాస్తే ఎవరూ అడగరు. కానీ బాగున్న తల్లి మీద జబ్బు పెట్టడానికి చెయ్యి రాలేదు. "బోన్ నా థాక్‌లేఓ శొబాయ్ బియేఇ లేఖే, దీదీ," అని గుమాస్తా నవ్వాడు. చెల్లెలు లేకపోయినా అందరూ పెళ్ళే రాస్తారని. మీనా ఇంటి మరమ్మతు అని రాసింది. సిరిల్ చదవకుండా సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ ఒకసారి ఆమె ముఖం చూశాడు, అంతే.

ఆనవాయితీ ప్రకారం రెండో సంతకం బల్ల తోడునే అడగాలి. కిరణ్‌కుమార్‌ను అడగడం కంటే ఊరుకోవడం మేలు.

సైరన్ మోగాక అందరూ కుళాయిల దగ్గర రంపపు పొట్టుతో చేతుల జిడ్డు రుద్దుకుంటున్నారు. జనం పలచబడేదాకా ఆగి, మీనా చివరి కుళాయి దగ్గర ఉన్న హరిబాబు పక్కకు చేరింది. ఈ మూడు రోజులుగా అతను బొత్తిగా మాట్లాడటం లేదు. అది తన మీది కోపమే అనుకుంది.

"అన్నియ్యా, నేను నీకు ఎట్టలేదు. అయినా అడుగుతున్నాను. కాదంటే కాదనీయి."

హరిబాబు చేతులు ప్యాంటుకు తుడుచుకొని కాగితం అందుకున్నాడు. పైనుంచి కింద దాకా చదివాడు. ఆ షాపులో జామీను కాగితాన్ని అలా చదివిన మనిషిని ఆమె అంతవరకు చూడలేదు.

"ఇంటి మరమ్మతా? మీకు ఇల్లెక్కడిదే?"

"నీకు సెల్లెలెక్కడిది?"

అతని పెదవి కొంచెం కదిలింది. "పైపులకేనా?"

"తగ్గింది కదా. ఇప్పుడైతే..."

"ఎట్టను."

మీనా ముఖం వేడెక్కింది. ఇలాగే జరగాలి, తనకు ఇది తగినదే అనుకుంది. అయినా ఉండబట్టలేక, "కక్ష తీర్సుకుంటున్నావేటి?" అంది.

హరిబాబు చుట్టూ చూశాడు. జేబులోంచి ఫోను తీసి, తడి వేలు చొక్కాకు తుడిచి, తెర ఆమె వైపు తిప్పాడు. అతని షేర్లన్నీ అమ్మకానికి పెట్టి ఉన్నాయి. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

"సోమారం పొద్దున్న ఎట్టినాను. నిన్నా ఎట్టినాను. ఇయాళా ఎట్టినాను," అన్నాడు. "అమ్ముతామనేవోళ్ళు లచ్చల్లో ఉన్నారు. కొంటామనే ఎదవ ఒక్కడు లేడు. దర ఉంది, సూడు, ఇంకా లాబమే సూపిత్తాది. ఎవడిత్తాడు ఆ లాబం?"

మీనా తెరను దగ్గరికి లాక్కొని చూసింది. కొనేవాళ్ళ గడిలో సున్నా. ధర ఒక్కటే చూస్తూ వచ్చింది. ఆ గడి ఒకటుందని ఆమెకు తట్టనే లేదు.

"గ్రూపులో అడిగినావా?"

"అడిగినాను. తలా ఒక కొత్త మనిషిని తెమ్మన్నాడు దాదా. కొత్తోళ్ళు కొంటే పాతోళ్ళవి అమ్ముడవుతాయంట. నాకు నిన్న సెప్పినాడు." గొంతు సవరించుకున్నాడు. "నిన్నటి నుంచి ఎవరిని తేవాలా అని సూత్తున్నాను. రేత్రి కునుకు లేదు. సరిగ్గా నువ్వే కాగితం ఎట్టుకొని వచ్చినావు."

కుళాయి కట్టేశాడు. కారడం ఆగలేదు. ఇంకోసారి బిగించాడు.

"నేను కొంటే నీవి అమ్ముడుపోతాయి," అంది మీనా నెమ్మదిగా.

"కొన్నైనా పోతాయంట."

"మరి?"

"మరేటి? ఎట్టను," అని కాగితం ఆమె చేతిలో పెట్టేశాడు హరిబాబు. "కిరణ్‌గాడూ అడిగినాడు. ఆడికీ ఎట్టనన్నాను. ఆడు నా మీద మండిపడతన్నాడు."

వర్క్‌షాపు గేటు దగ్గర సైకిళ్ళ గంటలు వినిపిస్తున్నాయి. మీనా కాగితాన్ని చింపడానికి రెండు చేతుల్లోకి తీసుకుంది గాని, దాని మీద సిరిల్ సంతకం ఉంది. ఆయనకు చెప్పకుండా చింపకూడదనిపించి మడిచి సంచిలో పెట్టింది. తను కాదన్న రోజున, సరేనంటే పోయేది తన జీతంలో కొంత. ఇవాళ అతను కాదన్నందుకు పోతున్నది అతను బయటపడే దారి. ఆ మాట పైకి ఎలా అనాలో తెలియక, ఆమె అతని ఫోను అందుకుంది.

"రేపు మార్కెట్టు తెరవకముందే ఎడదాం. అందరికంటే ముందు వరసలో ఉంటే, ఎవడైనా ఒకడు కొంటే మొదట నీవే పోతాయి. వచ్చింది వచ్చినట్టు సొసైటీకి కట్టీ. తక్కువైతే నా బేంకులో ఆరు నెలల కర్సు ఉంది, అది దీనికే."

"అది మీ ఇంటికి."

"నా సొంత డబ్బు ఇత్తున్నాను, జామీను కాదు కదా. తీసుకో."

హరిబాబు సైకిలు స్టాండు తీసి, కొంతదూరం తోసుకుంటూ నడిచాడు. ఆమె పక్కన నడిచింది.

"కొనేవోడు దొరుకుతాడంటావా?" అని అడిగాడు.

ఏడాదిన్నరగా డబ్బు సంగతి ఎవరు ఏది అడిగినా మీనా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"తెలీదు అన్నియ్యా," అంది.

హరిబాబు తల ఊపాడు. ఆ రాత్రి నిద్ర పడుతుందో లేదో గాని, తెలియదని ఒప్పుకున్న ఆ మాట విన్నాక అతని నడక కొంచెం నెమ్మదించింది.